ఇరవై వాట్లు చాలవా?

వార్షికోత్సవం దగ్గర పడగానే మన యూనియన్ ఆఫీసులో వినిపించే మొదటి ప్రశ్న “బాక్సులు ఎన్ని తెప్పిస్తున్నారు?” అన్నది. పాడేదెవరు, వాయించేదెవరు అన్న మాట ఆ తర్వాతెప్పుడో వస్తుంది. మోత ఎంత పెద్దదైతే ఉత్సవం అంత ఘనంగా జరిగినట్టని మనలో ఒక నమ్మకం నాటుకుపోయింది. ఆ నమ్మకం అటు శాస్త్రం ముందూ నిలవదు, ఇటు సంగీతం ముందూ నిలవదు. ఈ మాట చెప్పడానికి నేను సంగీత విద్వాంసుణ్ణేమీ కాను. ఫిజిక్సు చదువుకుంటున్న రైతు బిడ్డను. అయితే ఈ ఏడు మన మ్యూజిక్ రూములోకి వచ్చిన ఒక చిన్న పెట్టె నాచేత ఈ నాలుగు మాటలు రాయిస్తోంది.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మన పూర్వ విద్యార్థి ఒకరు తన వాల్వు ఆంప్లిఫయరును కొన్నాళ్ళు వాడుకోమని ఇచ్చారు. బేస్ గిటారు కోసం చేసింది. శక్తి 20 వాట్లు. దాని కింద 12 అంగుళాల స్పీకరు ఒక్కటే. అది చూసి “ఇదేమిట్రా, రేడియోలా ఉంది!” అని నవ్వినవాళ్ళున్నారు. వాళ్ళన్నది ఒక విధంగా నిజమే. దాని వెనక ఉన్న రెండు 6వి6 వాల్వులు 1930ల్లో పుట్టినవి. మన తాతల కాలం రేడియోలు కొన్నింటిలోనూ అవే ఉండేవి.

స్విచ్చి వేస్తే వెంటనే పలకదు. అర నిమిషం ఆగాలి. లోపల ఫిలమెంటు ఎర్రబడి, కాథోడు వేడెక్కి, ఎలక్ట్రానులు బయలుదేరాలి కదా! అవి ప్లేటు వైపు పోయే దారిలో గ్రిడ్ అనే సన్నని తీగచుట్ట ఉంటుంది. గిటారు నుంచి వచ్చే చిన్న సంకేతం ఆ గ్రిడ్ మీద పనిచేసి పెద్ద ప్రవాహాన్ని హెచ్చిస్తుంది, తగ్గిస్తుంది. మా ఊరివాళ్ళకైతే ఇంకా తేలిగ్గా చెప్పొచ్చు. తూము దగ్గర లష్కరు చేత్తో చక్రం తిప్పుతాడు, కాలువంతా దానికి లోబడి పారుతుంది. ఇదీ అంతే. (లోపల వందల వోల్టులుంటాయి. స్విచ్చి ఆపినా కెపాసిటర్లలో కొంతసేపు మిగిలే ఉంటాయి. కుతూహలంకొద్దీ ఎవరూ మూత విప్పకండి.)

మా హాస్టల్ మిత్రుడు లావుపాటి తీగ మీటాడు. సెకనుకు సుమారు 41 కంపనాలు. నేల అదిరిందని చెప్పను, అటువంటిదేమీ జరగలేదు. స్వరం మాత్రం తెలిసింది. అంతకుముందు అతను ఎన్నిసార్లు వాయించినా నాకు ధుం ధుం అన్న మోతే తప్ప ఏ స్వరం మీదనుంచి ఏ స్వరానికి పోతున్నాడో అందేది కాదు. మెల్లగా మీటితే మెత్తగా, గట్టిగా మీటితే కాస్త కరుకుగా పలికింది. వేలు తీగ మీద జారిన సవ్వడి కూడా దాగలేదు. వాల్యూము ముప్పాతిక దాటించేసరికి హరికథలో ఆఖరి ఘట్టానికి దాసుగారి గొంతు బొంగురుపోయినట్టు అయింది. మామూలు ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరును దాని హద్దు దాటిస్తే తరంగం తల ఒక్కసారిగా నరికేసినట్టవుతుంది. వాల్వులో ఆ తల మెల్లగా ఒంగుతుంది, అదే ఈ బొంగురుకు కారణం. వాయించనప్పుడు మాత్రం సన్నగా హమ్ వస్తూనే ఉంటుంది. అది నాకు నచ్చలేదు.

ఈ సంగతి ఫోనులో చెబితే మా నాన్న “మన పొలం మోటారు 5 హెచ్‌పీ. ఇదేం మిషన్రా?” అన్నారు. 5 హెచ్‌పీ అంటే 3730 వాట్లు. ఆయన లెక్కలో ఇది ఈగ! కానీ చెవి లెక్క వేరు. శక్తిని పది రెట్లు చేస్తే గాని శబ్దం చెవికి రెండింతలుగా తోచదు. స్పీకర్లు ఒకే రకమైతే 20 వాట్లకూ 2000 వాట్లకూ మధ్య శక్తిలో తేడా నూరు రెట్లు, చెవికి తెలిసేది సుమారు నాలుగింతలే. మిగతాదంతా అద్దె బిల్లులో వినిపిస్తుంది.

పెద్ద పెద్ద వాళ్ళు చిన్న పెట్టెలతోనే పని జరుపుకున్నారు. అమెరికాలో ఎవరెట్ హల్ అనే బేస్ వాద్యకారుడు నడిపిన ఆంపెగ్ కంపెనీ 1960లో బి-15 అనే ఆంప్లిఫయరు తెచ్చింది. శక్తి 25 వాట్లు. డెట్రాయిట్ నగరంలో మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ క్లబ్బుల్లో దానితోనే వాయించేవాడు. అదే కంపెనీ 1969లో 300 వాట్ల ఎస్‌విటి చేసింది. స్టేడియములు నిండే రోజులు వచ్చాయి కాబట్టి అది అవసరమైంది. మన సెమినార్ హాలు స్టేడియమా? అంతదూరం ఎందుకు, ఇళయరాజా స్వరపరచిన ‘గీతాంజలి’ (1989) పాటలు మళ్ళీ వినండి. గాయకుడి గొంతు కింద బేస్ గిటారు తన దారిన తాను ఇంకో పాట పాడుకుంటూ పోతుంటుంది. పెద్ద బాక్సుల మోతలో మనం పోగొట్టుకునేది దాన్నే.

ఆరుబయట, డ్రమ్సు పక్కన 20 వాట్లు సరిపోవు. ఆ మాట ఒప్పుకోవలసిందే. అక్కడ చిన్న పెట్టె ముందు ఒక మైకు పెట్టి మిక్సరుకు కలిపితే చాలు. స్వరం చిన్నదానిది, దూరం పెద్దదానిది.

పోయినేడు వార్షికోత్సవంలో నా మిత్రుడు రెండు గంటలు వాయించాడు. స్టేజి దిగాక “నువ్వు ఏం వాయించావురా?” అని అడిగినవాళ్ళు నలుగురు. వాళ్ళని తప్పుపట్టలేం. ఆరు నెలల సాధన ఆ మోతలో కలిసిపోయింది. ఆ రాత్రి తర్వాత అతను చాలా రోజులు గిటారు ముట్టుకోలేదు. ఆ సమయానికి మ్యూజిక్ రూములో గిటారుకు అదనపు తీగల సెట్టు ఒక్కటి లేదు, తబలా చర్మం చిరిగి ఉంది, హార్మోనియంలో రెండు మెట్లు పలకవు. బాక్సుల అద్దె మాత్రం ముందుగానే కట్టేశాం!

కాబట్టి కొత్తగా వచ్చే యూనియన్ మిత్రులకు నా మనవి. వచ్చే వార్షికోత్సవానికి బాక్సుల్లో సగం తగ్గించండి. మిగిలిన డబ్బుతో ముందు ఆ తబలా బాగు చేయించండి, తర్వాత తీగలు కొనండి. ఇంకా మిగిలితే ఇటువంటి చిన్న ఆంప్లిఫయరు మన సొంతానికి ఒకటి చూడవచ్చు. ఇప్పుడున్నది పరీక్షలయ్యాక తిరిగి ఇచ్చేయాలి. అంతవరకు శనివారం సాయంత్రాలు మ్యూజిక్ రూము తెరిచే ఉంటుంది. లెక్చరర్లు కూడా రావచ్చు, కుర్చీలు మాత్రం నాలుగే ఉన్నాయి.