బొమ్మను జూచి చర్మము గొనుట



ఈ మాసమున మన శీర్షికకు విషయమును ఒక సోదరి వ్రాసిన ఉత్తరమే తెచ్చి యిచ్చినది. ఆమె కుమార్తె కళాశాలలో చదువుచున్నది. తీరిక వేళల ‘సెకండ్ లైఫ్’ అను కంప్యూటరు లోకమున విహరించుచుండునట. అచ్చట తన బొమ్మకొక చర్మమును కొన్నదట. అంగడి పటములో చూచినపుడు అది అప్సరస మొగమువలె నుండినది. తీరా తొడిగి చూచుకొన్న పిమ్మట ముక్కు ప్రక్కల మసి పూసినట్లును, చెక్కిళ్లు లోతునకు పోయినట్లును కానవచ్చినదట. పటములోని రూపము వచ్చునేమోయని మరల కేశములను, కనురెప్ప వెండ్రుకలను, తుదకొక క్రొత్త తలను గూడ కొన్నది. అప్పటికిని ఆ రూపము రాలేదు. “ఇది అంగడివారి మోసమా, మా పిల్ల తెలివితక్కువతనమా?” యని ఆ తల్లి అడుగుచున్నది.

రెండును కావని నా యభిప్రాయము. అంగడివారు చూపినది యొకటి, అమ్మినది మఱియొకటి. అమ్మునదేదియో పేరు వ్రాసియే యమ్మిరి. కాని చూపినదానికిని అమ్మినదానికిని గల యెడమును కంటికి కానరాకుండ జేయుటయే అంగడి బొమ్మ పని. ఆ పని యెట్లు జరుగుచున్నదో తెలిసికొన్నచో మన పిల్లలను కోపపడవలసిన యవసరము చాలవఱకు తగ్గును.

బొమ్మకు చర్మము కొనుటయేమని నవ్వు సోదరీమణుల కొఱకు ముందుగా ఆ లోకమును గూర్చి నాలుగు మాటలు. సెకండ్ లైఫును 2003వ సంవత్సరమున అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునందలి లిండెన్ ల్యాబ్ అను సంస్థవారు ప్రారంభించిరి. అందు గెలుపోటములు లేవు. ప్రవేశించినవారు ఒక దేహమును ధరించి తిరుగుదురు, ఇండ్లు కట్టుకొందురు, సంభాషింతురు, అంగళ్లు పెట్టుకొందురు. అచ్చటి వస్తువులను చాలవఱకు అచ్చటివారే తయారుచేసి యొకరికొకరు అమ్ముకొందురు. నాణెము లిండెన్ డాలరు. అనేక సంవత్సరములుగా ఒక అమెరికా డాలరుకు సుమారు 250 లిండెన్ డాలర్లు వచ్చుచున్నవి. కావున వేయి లిండెన్ డాలర్ల చర్మమనగా మన రూపాయలలో మూడు నాలుగు వందలని తెలియవలెను. ఆ దేహమునకు వారు పెట్టిన పేరు ‘అవతారము’. మాట మనదే. ఐతే మత్స్య కూర్మ వరాహ రూపములను దాల్చిన స్వామి అంగడి పటమును జూచి రూపమును ఎన్నుకొన్నట్లు ఏ పురాణమునందును లేదు.

ఈ చర్మమనునది యేమి? తొలినాటి పద్ధతిలో అది మూడు చదునైన పటములు. తలకొకటి, నడుమునకు పై భాగమున కొకటి, క్రింది భాగమున కొకటి. చిత్రకారిణి వానిపై మేనిచాయను, కనుబొమలను, పెదవుల యెఱుపును, పుట్టుమచ్చలను వ్రాయును. కంప్యూటరు వానిని దేహమునకు చుట్టబెట్టును. దేహముయొక్క ఆకారము వేఱు వస్తువు. ముక్కు పొడవు, కన్నుల నడుమ యెడము, పెదవుల మందము మున్నగు వానినెల్ల సున్న మొదలు నూఱు వఱకు గల అంకెలతో సవరించుకొనవచ్చును. చర్మము గోడకు వేసిన వన్నెవంటిది, ఆకారము గోడవంటిది. ఒకటి కొన్నంతమాత్రమున రెండవది రాదు.

ఇప్పుడు అంగడి గోడపై నున్న పటమును జూడుడు. అందలి సుందరి ధరించిన చర్మము అమ్మకమునకు పెట్టినదే, సందేహము లేదు. కాని ఆమె ఆకారము అంగడి యజమానురాలు ఎంతో కాలము కూర్చుండి సవరించి సవరించి తీర్చుకొన్నది. కేశములు మఱియొక యంగడివి. కన్నులు, కనురెప్ప వెండ్రుకలు వేఱొక చోటివి. ఆ లోకమున ఆకాశమును, వెలుతురును ఎవరికి వలసినట్లు వారు మార్చుకొనవచ్చును గనుక, సంధ్యాకాంతి మొగముపై పడునట్లు ఏర్పఱచి, తలను ఒక ప్రక్కకు వంచి, మేలైన క్షణమున ఛాయాచిత్రము తీయుదురు. అటుపిమ్మట ఫోటోషాప్ వంటి సాధనముతో లోపములను తుడిచివేయుదురు. మనము చూచునవి ఏడెనిమిది వస్తువులు. మూల్యమిచ్చి కొనునది ఒకటి. చూచు కన్ను ఈ లెక్క వేయదు. మొగమును చూచినపుడు ఇది ముక్కు, ఇది వన్నె, ఇది వెలుతురు అని విడదీసి చూచుట మనుష్యుల స్వభావము గాదు. మొగమంతయు ఒక్కటిగా మనసున కెక్కును.

పై సోదరి కుమార్తె మొగమున మసి వలె కానవచ్చినదానికి కారణము గూడ ఇందే యున్నది. చర్మము వ్రాయువారు వన్నె మాత్రమే వ్రాయరు. ముక్కు ప్రక్కల నీడను, చెక్కిలి యెముక క్రింది నీడను, మెడ క్రింది గుంటల నీడను గూడ వ్రాయుదురు. ఆ నీడలు పటములోని సుందరి సన్నని ముక్కునకు సరిపోవునట్లు వ్రాసినవి. వెడల్పైన ముక్కుగల బొమ్మపై వానిని చుట్టబెట్టినచో, నీడ ఉండవలసినచోట గాక మఱియొక చోట నిలిచి మరకయగును. చర్మము చెడ్డది కాదు, అమ్మాయి ముక్కును వికారమైనది కాదు. ఒకరి ఆదికి కుట్టిన జాకెట్టును మఱియొకరు తొడిగికొన్నారు, అంతియే.

2011వ సంవత్సరము తరువాత ఈ చిక్కు మఱికొంత పెరిగినది. అప్పటినుండి అచ్చటివారు ‘మెష్’ అను పద్ధతిలో తలలను, దేహములను గూడ తయారుచేసి వేఱువేఱుగా అమ్ముచున్నారు. ఒక్కొక తయారీదారు తల కొలతలు ఒక్కొక విధముగా నుండును. చర్మములను ఆ తలకని, ఈ తలకని పేరు పెట్టి వ్రాయుదురు. పటముపై చిన్న అక్షరములతో ఆ పేరు ఉండనే యుండును గాని, అప్సరసను జూచు కన్నులకు చిన్న అక్షరములు కానవచ్చునా? పాత విధమున చర్మమును మెష్ దేహమునకు అతికించుకొను వీలును లిండెన్ ల్యాబ్ వారు 2019లో కల్పించిరి. దానివలన సదుపాయము కలిగినది గాని, తల కొలత సమస్య తీరలేదు.

మన చీరల దుకాణములలోను బొమ్మలున్నవి. నిలువెత్తు గాజు తలుపు వెనుక బొమ్మకు కట్టిన చీర ఎక్కడను ముడుత లేక నిలుచును. వెనుకకు పోయి చూచినచో గుండుసూదులు వరుసగా కానవచ్చును. అది చూచి మోసపోయిన వారు మనలో లేకపోలేదు. కాని అదే దుకాణములో లోపల కూర్చుండు గుమాస్తాను గమనించితిరా? మీసములుగల ఆ పెద్దమనిషి చీర కొంగును తన భుజముపైనే వేసికొని, కుచ్చిళ్లు పట్టి, అంచు చూపును. అతనివంటి మొగము కావలెనని కొనువారెవ్వరును కోరరు గనుక, మన చూపు చీరమీదనే నిలుచును. నేత బాగున్నదా, రంగు నిలుచునా, కొంగు నిండుగా నున్నదా యని అడుగుదుము. నా దృష్టిలో ఆ మీసముల గుమాస్తాయే లోకమున కెల్ల నమ్మదగిన అంగడి బొమ్మ. సెకండ్ లైఫు అంగడిలో అతనివంటివాడు లేడు. అచ్చట నిలుచున్న సుందరిని జూచి మనము “ఈ చర్మమెట్లున్నది?” అని యడుగము, “నేనిట్లుందునా?” అని యడుగుదుము. ఈ రెండవ ప్రశ్న వేసిన మనస్సునకు సంచి విప్పుట యెంతసేపు! చర్మము తరువాత కేశములు, కేశముల తరువాత తల. ఒక్కొకటి ఒక్కొక యంగడినుండి కొనవలసినదే.

ఈ లోకపు అంగళ్లలో ఒక మంచి యాచారమున్నది. దానిని ఎఱుగనివారే ఎక్కువగా నష్టపడుచున్నారు. చాలవఱకు చర్మములకు ‘డెమో’ అను మాదిరి యుండును. ఉచితముగానో, ఒక్క లిండెన్ డాలరుకో ఇత్తురు. మొగముపైనను ఒంటిపైనను ‘డెమో’ అను అక్షరములు ముద్రించి యుండుటచే దానిని ధరించి నలుగురిలో తిరుగుటకు వీలుండదు గాని, తన ఆకారముపై అది యెట్లు కూర్చున్నదో చూచుకొనుటకు చాలును. దానిని అంగడిలోనే తొడిగి చూచుకొనుట చాలదు. ఇంటికి పోయి తన కేశములతో, తన ఆకారముతో ధరింపవలెను. మిట్టమధ్యాహ్నపు వెలుతురు పెట్టి యొకసారి, రాత్రి వెలుతురు పెట్టి యొకసారి చూడవలెను. మొగమును ప్రక్కనుండి చూడవలెను. పటములను తరచు ఎదుటినుండి తీయుదురు గనుక, నీడల లోపము ప్రక్కనుండి చూచినపుడు బయటపడవచ్చును. నవ్వించి, నడిపించి చూడవలెను. ఇంత యేల యందురా? కొన్న చర్మమును చాల సందర్భములలో మరల ఇతరులకు ఇచ్చుటకుగాని, అమ్ముటకుగాని వీలుండదు. సవరింపని పటములను గూడ ప్రక్కన నుంచి చూపు అంగడివారును కొందఱున్నారు. అట్టి యంగళ్లను మెచ్చుకొనవలెను.

చిన్నపిల్లలు ఆడుకొను ఆటలలోని వేషముల సంగతి వేఱు. ఎపిక్ గేమ్స్ వారు 2017లో తెచ్చిన ఫోర్ట్‌నైట్ వంటి ఆటలలో వేషము తలనుండి పాదముల వఱకు ఒక్కటిగా వచ్చును. చూపినదే చేతికి వచ్చును గాని, దుకాణములోని వేషములు దినదినమును మాఱుచుండును. నేడు కొననిచో రేపు దొరకదేమోయను తొందర పిల్లలను పట్టి లాగును. ఒక్క మీట నొక్కినంతనే కొనుగోలు జరిగిపోవునట్లు ఏర్పఱచిరని, నిద్రలోనున్న ఆటను మేల్కొల్పబోయినను డబ్బు పోవుచుండెనని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను వారు ఆరోపింపగా, కొన్నవారికి తిరిగి యిచ్చుటకై 24 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించుటకు 2022 డిసెంబరులో ఆ సంస్థ ఒప్పుకొనవలసివచ్చినది. ఇంటిలో ఫోనును పిల్లల చేతికిచ్చు తల్లులు, సంకేతపదము లేనిదే కొనుగోలు జరుగకుండునట్లు కట్టుదిట్టము చేసికొనుట మంచిది.

మరల చర్మము మాటకు వత్తము. నన్ను ఎక్కువగా బాధించు సంగతి నీడలను గూర్చినది గాదు, చాయను గూర్చినది. ఒక చర్మమును సాధారణముగా అనేకములైన వన్నెలలో చేయుదురు. లేత గులాబి మొదలు నేరేడుపండు చాయ వఱకు ఉండును. కాని గోడపై నిలువెత్తు పటమున నిలుచునది తరచు లేత వన్నెయే. తక్కినవి క్రింద చిన్నచిన్న చతురములుగా వరుసలో నుండును. నలుపు అచ్చట దొరకదని కాదు. సుందరి యనగా ఎవరో ముందు చూపిన పిమ్మట, తక్కినవారు ఆమె రంగు మార్పులుగా మాత్రమే కానవత్తురు. చామనచాయ కన్నెపిల్ల ఆ వరుసలో తన వన్నెను వెదకికొని కొనునా, పెద్ద పటములోని వన్నెనే కొనునా? ఆ లోకమున ఎవరును ఆమె నిజ వర్ణమును అడుగరు గదా!

ధరించిన వన్నెనుబట్టి మర్యాదలు మాఱుట గూడ అచ్చట జరిగినది. 2006లో ఒక తెల్లజాతి అమెరికా స్త్రీ నల్లజాతి స్త్రీ చర్మమును ధరించి ఆ లోకమున తిరుగగా, తెలియనివారు కొందఱు జాతి దూషణ చేసిరనియు, స్నేహితులలోనే కొందఱు ఎడముగా మెలగిరనియు, ఆ లోకపు వార్తలు వ్రాయు పాత్రికేయుడొకడు ప్రకటించెను. లోపలి మనిషి మాఱలేదు. వేయి లిండెన్ డాలర్ల వస్తువు మాత్రమే మాఱినది.

వేషము ఇతరుల కన్నులనే గాక, ధరించినవారి నడతను గూడ మార్చునని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున నిక్ యీ, జెరెమీ బెయిలెన్సన్ అనువారు పరీక్షించి 2007లో ప్రకటించిరి. కొందఱికి అందమైన మొగములను, కొందఱికి అందము తక్కువైన మొగములను ఇచ్చి, కంప్యూటరు లోకపు అద్దమున చూచుకొననిచ్చిరి. అందమైన మొగము దొరకినవారు ఎదుటి వ్యక్తికి మఱింత చేరువగా నడచి, తమ సంగతులను ఎక్కువగా చెప్పుకొనిరి. పొడవైన దేహము దొరకినవారు ధనమును పంచుకొను బేరమున పట్టు విడువలేదు. పొట్టి దేహము దొరకినవారు అన్యాయమైన పంపకమునకు ఎక్కువగా ఒప్పుకొనిరి. ఆ దేహములను వారు కోరుకొనలేదు, పరీక్షకులు ఇచ్చినవే. కొన్ని నిమిషములు ధరించినంతనే ఇంత మార్పు వచ్చినచో, నెలల తరబడి ధరించు చర్మమును అంగడి పటము ఎన్నిక చేసి పెట్టుట చిన్న సంగతియా?

మన యిండ్లలో ఈ మాట క్రొత్తది గాదు. మొగమునకు తెలుపునిచ్చు లేపనముల ప్రకటనలలో నల్లని పిల్ల దిగులుగా కూర్చుండుట, తెల్లబడిన పిమ్మట ఉద్యోగమో వరుడో దొరకుట మనమెల్లరము చూచితిమి. అట్లు చూపరాదని మన దేశపు ప్రకటనల ప్రమాణ మండలివారు 2014లో నియమములు చేసిరి. పేరులోనే తెలుపును పెట్టుకొన్న ప్రసిద్ధమైన లేపనము 2020లో ఆ పేరును మార్చుకొన్నది. అంతటి పెద్ద వర్తకులే వెనుకకు తగ్గవలసివచ్చినది.

సెకండ్ లైఫు అంగళ్లవారు అంత పెద్దవారు గారు. చాలమంది ఇంటనుండి ఒంటరిగా చిత్రములు వ్రాసి అమ్ముకొనువారు. అందుచేత వారితో మాటలాడుట సులభము. డెమోలు కొన్నిచోట్ల ఒక్క వన్నెలోనే యుండును, అదియు లేత వన్నెయై యుండును. అట్టిచోట అంగడి యజమానురాలికి ‘నోట్‌కార్డు’ అను చీటిని పంపి, “చామనచాయలోను, ఇంకను ముదురు వన్నెలోను డెమో దయచేయుడు, పెద్ద పటములో ఆ వన్నెను గూడ చూపుడు” అని మర్యాదగా వ్రాయవచ్చును. ఆ చీటి పంపుటకు ఖర్చేమియు లేదు. పై సోదరి కుమార్తె వంటి పిల్లలు కొందఱు కలిసి వ్రాసినచో, గోడపై రెండవ పటమును వ్రేలాడదీయుటకు ఆ యజమానురాలికి ఒక పూట పని.