స్వస్థలం అనే గడి



ఎల్.టి.సి. దరఖాస్తు నింపని ఉద్యోగి మన సంస్థలో అరుదు. ఆ కాగితంలో 'స్వస్థలం' అనే గడి ఒకటి ఉన్నది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మనం ప్రకటించిన ఊరి పేరు సర్వీసు రిజిస్టరులోనికి ఎక్కి, అది మొదలు మన స్వస్థలంగా స్థిరపడిపోతుంది. మార్చుకోదలచిన వారికి సర్వీసు మొత్తం మీద ఒక్క పర్యాయమే అవకాశం. మనలో పెక్కుమంది ఆ గడిని అరనిమిషంలో నింపి మరచిపోయిన వారమే. ఈ మాసం ఈ శీర్షికలో ఆ గడిని గురించే ముచ్చటించదలచాము. అయితే అందుకు పాఠకులను టర్కీ దేశపు నైరుతి తీరం వరకు వెంట తీసుకొని పోవలసి ఉన్నది.

విదేశయాత్రలకు ఎల్.టి.సి. వర్తించదు కనుక, కొన్నేళ్ళుగా కూడబెట్టుకొన్న సొమ్ముతోను, మిగిలి ఉన్న ఆర్జిత సెలవుతోను, ఒక సెప్టెంబరు మాసంలో మా శ్రీమతితో కలిసి ఆ దేశం చూడబోయాము. ఇస్తాంబుల్ మహానగరం చూసుకొని, మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న ఫెతియే అనే రేవు పట్టణంలో మూడు రోజులు బస చేశాము. మేము దిగిన హోటలు ముందు హాలులో ఒక పలక మీద ఆంగ్లంలో ఇలా వ్రాసి ఉన్నది: 'సాయంకాల విహారం. కొండవాలున గ్రీకు గ్రామం. బస్సు నాలుగున్నరకు. రాత్రి భోజనం సహా.'

"టర్కీలో గ్రీకు గ్రామం ఏమిటండీ? మనం దారి తప్పి వచ్చామా?" అన్నది మా శ్రీమతి.

మాకూ అదే సందేహం. దానిని తీర్చుకొనడానికే టిక్కెట్లు తీసుకొన్నాము.

బస్సులో ముప్పదిమంది వరకు ఉన్నాము. ఎక్కువమంది ఐరోపావారు, భారతీయులము మేమిద్దరమే. గైడు నలుబది దాటిన వాడు, మృదుభాషి. బస్సు పట్టణం దాటుతుండగా, కొండచరియను తొలిచి చెక్కిన లికియా జాతివారి సమాధులను చూపించాడు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో, ఆలయ ముఖద్వారాల వలె స్తంభాలతో మలచిన రాతి సమాధులవి. ఈ పట్టణానికి అప్పటి పేరు టెల్మెస్సోస్ అనీ, గ్రీకులు నివసించిన కాలంలో మాక్రి అనీ, ఫెతియే అన్నది 20వ శతాబ్దంలో వచ్చిన పేరనీ చెప్పాడు. ఊరు ఒకటే, పేర్లు మూడు.

పైన్ చెట్ల నడుమ మలుపులు తిరుగుతూ ఎనిమిది కిలోమీటర్లు పోయిన పిమ్మట బస్సు ఒక విశాలమైన లోయలోనికి దిగింది. అంజూరపు చెట్లు, పొలాలు, మేకల మందలు. ఎదుట కొండవాలు నిండా ఇళ్ళు. వందలకొద్దీ రాతి ఇళ్ళు, అడుగు నుంచి పై దాకా మెట్లు మెట్లుగా పేర్చినట్లు ఉన్నాయి. సాయంకాలపు ఎండలో అవి లేత బంగారు వన్నెగా మెరుస్తుంటే బస్సులోని వారందరూ ఒక్కసారి ఫొటోలకు లేచారు. మా శ్రీమతి మాత్రం కిటికీలోనుంచి తదేకంగా చూసి, "ఏ ఒక్క ఇంటికీ పైకప్పు లేదు, గమనించారా?" అన్నది.

అదే కాయకోయ్. టర్కీ భాషలో 'రాతి ఊరు' అని అర్థం. గ్రీకులు దానిని లివిసి అని పిలిచేవారు. నూరేళ్ళ క్రిందట అక్కడ వేలమంది ఆర్థడాక్సు క్రైస్తవులు కాపురముండేవారు. ఇప్పుడు ఆ వాలున ఉన్నవి గోడలు మాత్రమే. ప్రభుత్వం ఆ గ్రామాన్ని పురావస్తు స్థలంగా కాపాడుతున్నది.

దిగువ నుంచి రాతి బాటలో పైకి ఎక్కసాగాము. కట్టినవారి తెలివి అడుగడుగునా కనిపించింది. సాగుకు పనికివచ్చే లోయను పంటలకు విడిచిపెట్టి, పనికిరాని రాతి వాలున ఇళ్ళు కట్టుకొన్నారు. ఒక ఇల్లు మరొక ఇంటి వెలుతురుకు అడ్డురాదు. ప్రతి ఇంటి ముంగిటి నుంచీ లోయ కనిపిస్తుంది. ఇళ్ళ వద్ద వాననీటిని నిలవచేసుకొనే తొట్లు ఉన్నాయి. మా సివిల్ విభాగపు మిత్రులు చూసి ఉంటే అంచనాల పుస్తకం తీసి లెక్కలు వ్రాసుకొనేవారు. లోపలి గోడలపై అక్కడక్కడ నీలిరంగు సున్నపు మరకలు ఇంకా నిలిచి ఉన్నాయి. ఒక ఇంటిలో పొయ్యి ఉండిన చోట, పొగగొట్టం కిందుగా ఒక అంజూరపు మొక్క మొలిచి ఉన్నది. తలుపులు, కిటికీలు, దూలాలు ఏవీ లేవు. కొయ్యను ఎవరికి వారు పట్టుకొని పోగా, 1957లో వచ్చిన భూకంపం మరికొంత పడగొట్టింది.

దిగువ చర్చి వద్ద గైడు అందరినీ కూర్చోబెట్టాడు. నలుపు తెలుపు గులకరాళ్ళను పొదిగి వేసిన ముగ్గు వంటి నేల అక్కడ చూశాము. మన ఇళ్ళ ముంగిళ్ళలో చుక్కల ముగ్గు ప్రతి ఉదయం చెరిగి మళ్ళీ పుడుతుంది. అక్కడ ముగ్గు చెరగలేదు, వేసినవారే లేరు.

గైడు చెప్పిన చరిత్ర సంగ్రహంగా ఇది. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచే ఈ ప్రాంతపు గ్రీకులను ప్రభుత్వం లోపలి జిల్లాలకు తరలించడం మొదలైంది. 1919లో గ్రీకు సైన్యం స్మిర్నా రేవులో, అనగా నేటి ఇజ్మీర్‌లో, దిగింది. మూడేళ్ళ యుద్ధంలో ఉభయపక్షాల గ్రామాలూ తగులబడ్డాయి. 1922లో గ్రీకు సైన్యం ఓడిపోయి వెనుదిరిగింది. 1923 జనవరి 30న స్విట్జర్లాండులోని లొసాన్ నగరంలో రెండు ప్రభుత్వాలూ ఒక ఒడంబడికపై సంతకాలు చేశాయి. దాని ప్రకారం టర్కీలోని ఆర్థడాక్సు క్రైస్తవులు గ్రీసుకు, గ్రీసులోని ముస్లిములు టర్కీకి పోవలసినదే. ఇష్టమా, కాదా అన్న ప్రశ్నకు తావులేదు. ఇస్తాంబుల్ గ్రీకులకు, పశ్చిమ త్రేస్ ముస్లిములకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. అంతకు ముందే యుద్ధంలో పారిపోయినవారిని కూడా కలుపుకొని, సుమారు 12 లక్షలమంది అటు, మూడున్నర లక్షలకు పైగా ఇటు మారారు.

"ఎవరు ఎక్కడివారో తేల్చడానికి భాష అడుగలేదు, పుట్టిన ఊరు అడుగలేదు. మతం ఒక్కటే అడిగారు" అన్నాడు గైడు.

ఆ మాట వెనుక ఉన్న చిక్కును ఆయనే విప్పి చెప్పాడు. టర్కీ నడిబొడ్డున కప్పదోకియా ప్రాంతంలో కరమన్లీలు అనే క్రైస్తవులు ఉండేవారట. వారి ఇంటి భాష టర్కీ భాషే. దానిని గ్రీకు లిపిలో వ్రాసుకొనేవారు. వారిని గ్రీసుకు పంపారు. క్రీటు ద్వీపంలోని ముస్లిముల ఇంటి భాష గ్రీకు. వారిని టర్కీకి పంపారు.

"మా ముత్తవ్వ క్రీటు నుంచి వచ్చిన కొత్తకోడలు. నాకు పన్నెండేళ్ళు వచ్చేదాకా బ్రతికి ఉన్నది. మమ్మల్ని నిద్రపుచ్చడానికి గ్రీకులోనే పాడేది. టర్కీ భాష ఆమెకు నోరు తిరిగేది కాదు. ఇక్కడివారు ఆమెను సగం పరాయిది అనేవారు. అక్కడికి పోయినవారిని అక్కడ టర్కీ విత్తనం అన్నారు" అని చెప్పి, ఆయన లేచి నడక సాగించాడు.

బస్సు దిగినప్పటి సందడి ఆ తరువాత లేదు. ఎగువ చర్చి దాటి కొండ కొమ్మున ఉన్న చిన్న ప్రార్థనాలయం వరకు ఎక్కేసరికి మా మోకాళ్ళు మొరపెట్టుకొన్నాయి. ఆవల ప్రక్కన సముద్రం, ఈవల కప్పులేని ఊరు. ఏడు దాటిన తరువాత సూర్యుడు దిగిపోయాడు. సాధారణంగా సంధ్యవేళ కొండమీది నుంచి ఏ ఊరిని చూసినా ఒకటొకటిగా దీపాలు వెలుగుతాయి. ఇక్కడ లోయలోని పొలాల మధ్య నాలుగు దీపాలు వెలిగాయి. కొండవాలు మాత్రం చీకటిలో అలాగే ఉండిపోయింది.

రాత్రి భోజనం లోయలో, ద్రాక్షపందిరి కింద. శాకాహారులమైన మాకు అక్కడి స్త్రీలు వెడల్పాటి పెనం మీద పల్చని రొట్టె కాల్చి, పాలకూరా జున్నూ పెట్టి మడిచి ఇచ్చారు. గొజ్లెమె అంటారు, ఉప్పు బొబ్బట్టు అనుకొంటే సరిపోతుంది. తోడుగా ఐరాన్, అంటే ఉప్పు వేసిన చిక్కని మజ్జిగ. లివిసి, మాక్రి ఊళ్ళ నుంచి వెళ్ళినవారు ఏథెన్సుకు తూర్పున, మారథాన్ దాపున, ఒక ఊరు కట్టుకొన్నారనీ, దానికి 'నేయా మాక్రి', అనగా కొత్త మాక్రి, అని పేరు పెట్టుకొన్నారనీ గైడు చెప్పాడు. మరి ఈ ఇళ్ళలోనికి వచ్చిన ముస్లిములు? వారు చదునైన సారవంతపు నేలలు దున్నిన రైతులు. ఈ రాతి వాలున ఇమడలేక అనేకులు వేరే చోట్లకు తరలిపోయారు. అందువలన ఊరు ఖాళీగానే మిగిలింది. లూయీ ద బెర్నియేర్ అనే ఆంగ్ల రచయిత 2004లో వెలువరించిన 'బర్డ్స్ వితౌట్ వింగ్స్' నవలకు ఈ ఊరే ప్రేరణ.

లొసాన్ ఒడంబడిక సంగతి అక్కడితో ఆగిపోయినది కాదు. దేశాలను చీల్చవలసిన ప్రసంగం వచ్చినప్పుడల్లా దానిని ఉదాహరణగా చూపసాగారు. 1937లో పాలస్తీనా విషయమై పీల్ సంఘం దానిని ఉటంకించింది. పాకిస్తాన్ ప్రతిపాదనపై 1940లో వెలువడిన తన గ్రంథంలో డాక్టర్ అంబేద్కర్ సైతం టర్కీ, గ్రీసుల ప్రజామార్పిడిని ప్రస్తావించారు. 1947లో మన దేశంలో అటువంటి ఒడంబడిక ఏదీ లేకుండానే కోటిమందికి పైగా సరిహద్దు దాటారు.

తిరుగు బస్సులో ఇది తలచుకొంటూ ఉండగా మాకు ఒక మిత్రులు గుర్తుకు వచ్చారు. మా విభాగంలోనే ఇరువది ఏళ్ళు పనిచేసి పదవీ విరమణ చేసిన పంజాబీ సోదరులు. వారి సర్వీసు రిజిస్టరులో స్వస్థలం 'కురుక్షేత్రం' అని ఉండేది. "మీది యుద్ధభూమి, మాది పంటభూమి" అని మేము పరిహాసమాడేవారము. ఆయన మాతో కలిసి నవ్వేవారు. వీడ్కోలు విందు నాటి రాత్రి గాని అసలు సంగతి చెప్పలేదు. ఆయన తండ్రిగారిది లయాల్‌పూర్. 1977 నుంచి ఫైసలాబాద్ అని పిలుస్తున్నారు. శరణార్థిగా వచ్చి కురుక్షేత్రం శిబిరంలో తలదాచుకొన్నారు. తరువాత ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం దొరికి, స్వస్థలం గడిలో లయాల్‌పూర్ అని వ్రాస్తే, ఊరు దేశం లోపల ఉండవలెనన్న అభ్యంతరంతో కాగితం తిరిగి వచ్చింది. ఈ దేశంలో తాను మొదటిసారి పడుకొని నిద్రపోయిన చోటు ఏదో ఆ పేరే వ్రాశారు. కొడుకూ అదే వ్రాశారు, అక్కడ ఒక్క రోజైనా కాపురముండకపోయినా.

ఇరువది ఏళ్ళు ప్రక్క బల్ల వద్ద కూర్చొని, ఆ ఊరు ఎందుకు వ్రాశారని ఒక్కసారి అడుగలేదు మేము. పరిహాసం మాత్రం మానలేదు.

ఇంటికి చేరిన వారం రోజులకు ఆయనకు టెలిఫోను చేసి లివిసి సంగతి వివరంగా చెప్పాము. పాత పరిహాసానికి క్షమాపణ కూడా చెప్పుకొన్నాము. దానిని ఆయన పట్టించుకోలేదు గాని, ఒక ప్రశ్న అడిగారు: "ఆ ఇళ్ళలో ఇప్పుడు ఎవరూ ఉండరా?"

ఉండరని చెప్పాము.

కొంచెంసేపు ఊరకుండి, "లయాల్‌పూర్‌లో మా ఇంట్లో ఎవరో ఒకరు పొయ్యి వెలిగిస్తూనే ఉండి ఉంటారు లెండి. ఆ ఊరి కంటే మా ఊరు నయం" అన్నారు.

ఆ వైపు పోదలచిన పాఠకులకు రెండు మాటలు. ఎండ తగ్గిన తరువాతనే ఎక్కండి. పట్టు ఉన్న బూట్లు, మంచినీళ్ళ సీసా తప్పనిసరి. మోకాళ్ళ నొప్పులవారు దిగువ చర్చి వరకు పోయినా చాలు. ఆ వైపు పోలేని పాఠకులకు ఒక్క మాట. మన టౌన్‌షిప్‌లో నలుమూలల వారూ ఉన్నారు. ప్రక్క క్వార్టరు వారి స్వస్థలం ఏదో మనకు తెలిసే ఉంటుంది. ఆ ఊరు వారిది ఎట్లా అయిందో ఈ ఆదివారం కాఫీ వేళ అడిగి చూడండి. మాకు ఆ ప్రశ్న అడగడానికి ఇరువది ఏళ్ళు చాలలేదు.

వచ్చే సంచికలో కలుసుకొందాము.