తోడు పోవడమూ ఉద్యమమే

పట్టాల కోసం ఎమ్మార్వో ఆఫీసుకు వందమందిమి పోతాం. అదే వాడలో ఒకరికి మనసు చెదిరితే తోడు పోయేవాళ్లు ఒక్కరుండరు. "గాలి సోకింది" అంటాం, "పిచ్చోడు" అంటాం, తలుపేసుకుంటాం. ఈ తప్పు మేమూ చేశాం. మా వాడలో ఒక తల్లి కూలి డబ్బులన్నీ తాయెత్తులకు పోసి, చివరికి కొడుకును గుంజకు కట్టేసింది. రెండేళ్లు చూస్తూ ఊరుకున్నాం.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. కులవివక్ష లేకుండా సర్కారు వైద్యం పొందడం హక్కు అన్నది. పేదలకు తెల్లకార్డు ఉన్నా లేకపోయినా ఉచితమే అన్నది. చట్టం కాగితం మీదుంది. దాన్ని వాడకు తెచ్చేదెవరు?

అంటరానితనం, అప్పు, అవమానం మన మనసుల్ని కుళ్లబొడుస్తున్నాయి, నిజమే. అవమానానికి పోరాటమే మందు. కానీ రోగానికి మందుబిళ్ల కూడా కావాలి. ఒకటి చాలు, రెండోది వద్దనడం అన్యాయం.

అందుకే ప్రతి సంఘం ఇద్దరిని ఎంచుకోవాలి. రోగిని, ఇంటివాళ్లను జిల్లా ఆసుపత్రి మానసిక విభాగానికి వాళ్లే వెంటబెట్టుకు పోవాలి. ఒక్కసారితో సరిపోదు, డాక్టరు రమ్మన్నప్పుడల్లా పోవాలి. చార్జీలు సంఘం చూసుకోవాలి. డాక్టరు లేడంటే ఎప్పుడొస్తాడో రాసిమ్మని అడగాలి. మన మండలానికే రావాలని కలెక్టరుకు అర్జీ పెట్టాలి. కష్టమొచ్చిన రాత్రి 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఈ నంబరు వాడ గోడ మీద రాయండి.