ఫొటో చూశాం, పాట విన్నామా?

వెబ్‌లో పెట్టిన తొలి ఫొటోల్లో ఒకటంటూ ఓ ఫొటోని తరచూ చూపిస్తుంటారు. పార్టీ గౌన్లలో నవ్వుతున్న నలుగురు స్త్రీలు. వాళ్ళది 'లే ఓరీబ్ల్ సెర్నెట్' అనే రాక్ బృందం. 'భయంకరమైన సెర్న్ అమ్మాయిలు' అని అర్థం. జెనీవా దగ్గరి సెర్న్ భౌతికశాస్త్ర పరిశోధనా కేంద్రంలో 1990లో పుట్టింది.

అది పుట్టిన తీరు వింటే నాకు మన ఇళ్ళే గుర్తొచ్చాయి. అక్కడ పనిచేసే ఒకావిడ స్నేహితుడు రాత్రిళ్ళు కణాలను ఢీకొట్టించే యంత్రం దగ్గరే షిఫ్టులు చేసేవాడు. ఒంటరితనంతో విసిగిపోయిన ఆవిడ, సహోద్యోగి సిల్వానో డి జెనారోని దానిమీద పాట రాయమంది. అదే 'కొలైడర్'. నాకన్నా నీకు యంత్రమే ఎక్కువైందన్నది అందులో ఫిర్యాదు.

ఇదే మాట మనం ఇంట్లో అంటే సణుగుడు. ఆవిడ మైకు ముందు, ఆ శాస్త్రవేత్తలు కూర్చుని వింటుండగా పాడింది!

1992 జూలైలో డి జెనారో తీసిన ఫొటో వెబ్‌లోకెక్కింది. ఇక అందరికీ ఆ ఫొటోయే చరిత్ర. వాళ్ళేం పాడారని అడిగేవాళ్ళు నాకింతవరకు తగల్లేదు.

తమాషా పాటలకి ఇంత అర్థం తీయాలా అంటారేమో. తమాషాగా కాకపోతే చెప్పనిస్తారా? అత్తింటి ఆరళ్ళు దంపుళ్ళ పాటల్లోకి ఎక్కిందీ అలాగే కదా!

వాళ్ళు 2012 జూలైలో సెర్న్‌లోనే వీడ్కోలు కచేరీ చేశారు. 1954లో ఏర్పడ్డ ఆ సంస్థకి తొలి మహిళా డైరెక్టర్ జనరల్‌గా ఫాబియోలా జనోటి వచ్చింది 2016లో. పాటలు ఆగిన నాలుగేళ్ళకి.