పిచ్చాపాటీ: మడత కుర్చీ

ఈ నెల ఆవకాయ బేరాల గురించి రాస్తామని మాట యిచ్చాము. ఆ మాట తప్పుతున్నందుకు పాఠకులు మన్నించాలి. మా యింట్లో కుస్తీ జరిగినది.

మహదేవపురలో మేముండే వాటాలో, ఆదివారం భోజనాలయ్యాక, మా పెద్దవాడు తన కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని టీవీలో ఒక పాత పందెం పెట్టాడు. చిన్నతనంలో ఆ వస్తాదుల బొమ్మలున్న ట్రంప్ కార్డుల కోసం మా చొక్కాజేబులో చిల్లర మాయం చేసిన ఘనుడు వాడు. ఆ ముచ్చట కొడుక్కు కూడా అంటించాలని సరదా కాబోలు. దారాసింగ్, కింగ్‌కాంగ్‌ల కబుర్లు వింటూ పెరిగిన వాళ్లం గనుక, కుస్తీ అంటే మేమూ చెవి కోసుకుంటాము. చతికిలబడ్డాము.

అది 1998 జూన్ 28న అమెరికాలోని పిట్స్‌బర్గులో జరిగిన పందెం. బరి చుట్టూ పదహారడుగుల ఎత్తున ఇనుప జాలీ పంజరం. దాని నెత్తిమీద యిద్దరు మనుషులు: ఒకడు అండర్‌టేకర్, రెండోవాడు మాన్‌కైండ్ అనే మారుపేరుగల మిక్ ఫోలీ. మొదటివాడు రెండోవాణ్ణి పట్టుకుని అంత ఎత్తునుంచి కిందవున్న వ్యాఖ్యాతల బల్లమీదికి విసిరాడు. బల్ల తుక్కుతుక్కయింది. ఫోలీని స్ట్రెచరు మీద తీసుకుపోతున్నారు, బతికాడురా అనుకున్నాము. ఆ మహానుభావుడు దానిమీదినుంచి దిగి మళ్లీ పంజరమెక్కాడు! ఈసారి పైకప్పు జాలీయే వూడిపోయి బరి మధ్య పడ్డాడు. వెంట పడిన ఇనుప కుర్చీ మొహాన తగిలింది. పన్ను వూడింది. అప్పటికీ ఆట ఆగలేదు. డ్రాయింగు పిన్నులు గుమ్మరించి వాటిమీద పడ్డారు. చివరకు గెలిచినవాడు అండర్‌టేకరేనట. గెలుపెవరికి కావాలి?

మా ఆవిడ కొంగు మొహాన కప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. మనుమడి మొహం పాలిపోయింది. "తాతయ్యా, ఆయన చచ్చిపోతాడా?" అన్నాడు.

"ఛ, అదంతా బూటకంరా! ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. దెబ్బలన్నీ నాటకం" అన్నాము. వాడి ప్రాణం కుదుటపడింది. మా తెలివికి మేమే మురిసిపోయాము.

మంగళవారం సాయంకాలం మా అమ్మాయి కొడుకు ఆడుకోవడానికి వచ్చాడు. ఉగాది సమావేశానికి సంఘంవారి దగ్గర తెచ్చి, బద్ధకించి తిరిగి యివ్వని మడత కుర్చీ ఒకటి వసారాలో వున్నది. మావాడు దాన్ని రెండు చేతులా ఎత్తి, మేనత్త కొడుకు నుదుట వేశాడు. కనుబొమ మీద మూడు కుట్లు పడ్డాయి. ఆసుపత్రినుంచి వచ్చాక అందరూ తిడుతుంటే, వాడు మా వంక చూచి, "దెబ్బ తగలదని మీరేగా తాతయ్యా చెప్పారు?" అన్నాడు. 

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మరునాటినుంచి ఆ కాలం సంగతులు వెతికి చదివాము. హార్డ్‌కోర్ అనే యీ మోటు కుస్తీకి అమెరికాలో పెద్ద పేరు తెచ్చినది ఫిలడెల్ఫియాలోని ఈసీడబ్ల్యూ అనే చిన్న కంపెనీ. 1994లో పేరులోనే 'ఎక్స్‌ట్రీమ్' అని తగిలించుకున్నది, 2001లో మూతబడింది. అక్కడ ప్రేక్షకులే పెనాలూ అవీ యింటినుంచి తెచ్చి వస్తాదుల చేతికందించేవారట. పెద్ద కంపెనీలు ఆ దారే పట్టాయి. పందెం ఫలితం ముందే ఖాయమైన మాట నిజమే. కాని కుర్చీ ఇనుపదే. వీపుమీద బల్లపరుపుగా కొడితే దెబ్బ నలుదిక్కులా పరుచుకుంటుంది, అదొక్కటే కిటుకు. తలమీద ఏ కిటుకూ లేదు.

1999 జనవరి 24న ఎనహైములో యిదే ఫోలీ చేతులకు బేడీలు వేసి, రాక్ అనే వస్తాదు కుర్చీతో తలమీద 11 సార్లు కొట్టాడు. ముందువరుసలో ఫోలీ భార్య, యిద్దరు పసిపిల్లలు. యిదంతా ఆటేనని వాళ్లకు తండ్రి ముందుగా చెప్పివుంచాడు. అయినా పిల్లలు గుక్కపట్టి ఏడ్చారు. 'బియాండ్ ది మ్యాట్' అనే డాక్యుమెంటరీలో అది వున్నది. తరువాత ఆ దృశ్యం చూపిస్తే ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆ భాగం మేమొక్కరమే కూర్చుని చూచాము. ఆయన చెప్పినదీ మేము చెప్పినదీ ఒకే మాట. ఆయన పిల్లలు నమ్మలేదు, మావాడు నమ్మాడు.

తలమీద కుర్చీతో కొట్టడాన్ని ఆ పెద్ద కంపెనీ 2010లో నిషేధించింది. 2023 సెప్టెంబరు 8న హైదరాబాదు గచ్చిబౌలిలో జాన్ సీనా బరిలోకి దిగిన ప్రదర్శన నాటికి ఆ నియమం పాతబడింది కూడా.

మైసూరు దసరాలో విజయదశమినాడు అరమనె ముంగిట జరిగే వజ్రముష్టి గుర్తుకు తెచ్చింది మా ఆవిడ. జెట్టీలు పిడికిలికి ఆయుధం తొడుక్కుని తలపడతారు. తలమీద నెత్తురుబొట్టు కనబడగానే ఆపేస్తారు. "అక్కడ నెత్తురు చూచి ఆపుతారు, మీవాళ్లు నెత్తురు చూచి చప్పట్లు కొడతారు" అన్నది. 'మీవాళ్లు' అనే మాట మాకు గుచ్చుకున్నది.

నిన్న మనుమణ్ణి పిలిచి, మేము చెప్పినది తప్పని ఒప్పుకున్నాము. గెలుపు మాత్రమే నాటకమనీ దెబ్బ కాదనీ చెప్పాము. వాడు కాసేపు వూరుకుని, "అయితే ఆయనకు నొప్పి పుట్టింది" అన్నాడు. పుట్టిందన్నాము. తన కార్డుల డబ్బా పట్టుకుని బావ దగ్గరకు వెళ్లాడు.

శుక్రవారం కుట్లు విప్పుతారు. కుర్చీ కార్యదర్శిగారికి చేరింది. ఆవకాయ సంగతి వచ్చే నెల.