గేటు దగ్గర మూడో మనిషి ఏడీ?

విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ బ్లాస్ట్ ఫర్నేసులు రేయింబవళ్లు మండాలి. అందుకే అక్కడి కార్మికులు ఏ, బీ, సీ షిఫ్టుల్లో వంతులవారీగా డ్యూటీ ఎక్కుతారు. పోర్టులో ఓడల్లోంచి సరుకు దించే పనీ షిఫ్టుల మీదే సాగుతుంది. 24 గంటల పనికి ముగ్గురు మనుషులు కావాలన్నది ఈ ఊరికి ఒకరు నేర్పాల్సిన పాఠం కాదు. అయినా మధురవాడ అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర, గాజువాక షోరూముల ముందు, ఆసుపత్రుల్లో, గోదాముల్లో కాపలా కాసే సెక్యూరిటీ గార్డుకు చాలాచోట్ల రోజుకు రెండే షిఫ్టులు: డే, నైట్. 12 గంటలు కలిపి ఒక డ్యూటీ. రిలీవర్ రాకపోతే తర్వాతి డ్యూటీ కూడా అతని నెత్తినే పడుతుంది. కొలిమి దగ్గర ఉన్న మూడో మనిషి గేటు దగ్గర ఎందుకు లేడు? అతనికి దక్కాల్సిన జీతం ఎవరికి మిగులుతోంది?

లెక్క చూస్తే తెలుస్తుంది

ఓవర్‌టైమ్‌కు రెట్టింపు వేతనం ఇవ్వాలన్నది మన కార్మిక చట్టాల్లో ఏనాటినుంచో ఉన్న సూత్రం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా అదే చెబుతోంది. లెక్క సులువుగా ఉండటానికి 8 గంటల పనికి 480 రూపాయలు, అంటే గంటకు 60 రూపాయలు అనుకుందాం. 12 గంటలు పనిచేసిన గార్డుకు మొదటి 8 గంటలకు 480, మిగతా 4 గంటలకు గంటకు 120 చొప్పున మరో 480, మొత్తం 960 రావాలి. ఇద్దరు గార్డులకు కలిపి రోజుకు 1,920. అదే గేటుకు ముగ్గురిని ఎనిమిదేసి గంటలకు పెడితే అయ్యేది 1,440 మాత్రమే.

అంటే చట్టప్రకారం ఓవర్‌టైమ్ చెల్లిస్తే 12 గంటల షిఫ్టు ఎనిమిది గంటల షిఫ్టు కన్నా మూడోవంతు ఖరీదు ఎక్కువ. ఏ యజమానీ, ఏ ఏజెన్సీ తెలిసి తెలిసి ఎక్కువ ఖర్చు పెట్టుకోదు. అయినా ఊరంతా 12 గంటల డ్యూటీలే నడుస్తున్నాయంటే ఒక్కటే కారణం: ఓవర్‌టైమ్ చెల్లించడం లేదు. డ్యూటీకి ఆ 480 చేతిలో పెట్టి సరిపెడితే రెండు డ్యూటీలకు అయ్యేది 960. చట్టబద్ధంగా ముగ్గురికి ఇవ్వాల్సిన 1,440కీ దీనికీ తేడా సరిగ్గా ఒక మనిషి రోజు కూలి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పని లేక బస్సెక్కే మరో మనిషికి దొరకాల్సిన ఉద్యోగం అది.

ఇది బయటపడకుండా ఉండటానికి మస్టర్ రోల్ ఒక్కటి చాలు. అందులో తేదీకో గడి, గడిలో హాజరు గుర్తు ఉంటాయి. గార్డు ఎన్నింటికి వచ్చాడు, ఎన్నింటికి వెళ్లాడు అన్న వివరం ఉండదు. నెలాఖరున ‘ఎన్ని డ్యూటీలు’ అని అడుగుతారు, ఇరవై ఆరో ముప్ఫయ్యో చెబితే ఆ లెక్కన జీతం వేస్తారు. కాగితం మీద గంటలే లేనప్పుడు ఓవర్‌టైమ్ అడగడానికి ఆధారం ఉండదు.

‘కూర్చునే పనే కదా’

గార్డుల గంటల మాట ఎత్తగానే వినిపించే వాదన ఇది. చట్టంలోనూ దీనికి ఒక సందు ఉంది. పని మధ్యమధ్య ఆగుతూ సాగే ఉద్యోగాలకు పనిగంటల నిబంధనల్లో సడలింపు ఇచ్చే వీలు 1948 నాటి కనీస వేతనాల చట్టం నుంచీ ఉంది. కానీ దానికి చట్టం పెట్టిన షరతు చదవాలి. డ్యూటీలో ఉన్నా శారీరక శ్రమగానీ, ఎడతెగని ఏకాగ్రతగానీ అక్కర్లేని సమయం ఉన్నప్పుడే అది వర్తిస్తుంది. మరి గార్డును పెట్టుకునేది దేనికి? రెప్ప వాల్చకుండా చూస్తాడనే కదా! అరగంట కునుకు తీస్తే ఉద్యోగం ఊడే పనిని తీరికైన పని అని ఎలా అంటాం?

ఆ మెలకువ విలువ విశాఖకు బాగా తెలియాలి. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో పేలుడు జరిగింది పొద్దున్నే. 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్‌ఆర్ వెంకటాపురం మీద పడింది తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో. రాత్రి ఎనిమిదికి డ్యూటీ ఎక్కిన గార్డుకు మూడంటే ఏడో గంట పూర్తయిన వేళ, ఆరంటే పదో గంట. రసాయన పరిశ్రమలు చుట్టూ ఉన్న నగరంలో, అందరూ నిద్రపోయే ఆ వేళల్లో మెలకువగా ఉండాల్సిన మనిషిని అలసటకు అప్పగించడం అతని ఒక్కడి సమస్య కాదు.

గార్డు ఒళ్లు చెల్లించే మూల్యం వేరే ఉంది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారిలో పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో తేల్చాయి. ఆరు రోజులు 12 గంటల చొప్పున చేస్తే 72 గంటలు. వారాంతపు సెలవు లేకపోతే 84. 1919లో కార్మిక సంస్థ తొలి ఒప్పందం వారానికి 48 గంటలు అన్నప్పుడు, బ్రిటిష్ ఇండియాకు మినహాయింపుగా ఇచ్చిన పరిమితి 60 గంటలు. పరాయి పాలనలో గీసిన ఆ గీతను కూడా మన గార్డు ఇవాళ దాటి పనిచేస్తున్నాడు.

‘వాళ్లే 12 గంటలు కావాలంటున్నారు’ అనేవారూ ఉన్నారు. నిజమే, చాలామంది గార్డులు అలాగే అంటారు. ఎనిమిది గంటల జీతంతో ఇంటి అద్దె, పిల్లల ఫీజు గట్టెక్కవు కాబట్టే అంటారు. అది ఇష్టం కాదు, గత్యంతరం లేకపోవడం. నిజంగా అదనపు గంటలు చేస్తానంటే ఆ గంటలకు రెట్టింపు ఇవ్వాల్సిందే.

బాధ్యత ఎక్కడ జారిపోయింది?

ఈ పరిస్థితి ఒక్కరోజులో రాలేదు. 1976 డిసెంబరు 9న కేంద్రం తన పరిధిలోని సంస్థల భవనాలను ఊడ్చి శుభ్రం చేసే పనిలో, కాపలా పనిలో కాంట్రాక్టు కార్మికులను పెట్టరాదని నోటిఫికేషన్ ఇచ్చింది. స్టీల్ అథారిటీ కేసులో 2001 ఆగస్టు 30న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. సంస్థలవారీగా పరిశీలించకుండా గంపగుత్తగా ఇచ్చారన్నది కారణం. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ కాపలాను ప్రధాన కార్యకలాపం కాని పనుల జాబితాలో చేర్చి కాంట్రాక్టుకు తలుపులు బార్లా తెరిచింది. అక్కణ్నుంచి తక్కువకు కోట్ చేసినవారికే టెండర్. కూలి తగ్గించడం తప్ప మరో దారిలేని పోటీలో గార్డు జీతమే కరుగుతుంది. జీతం అడిగితే సంస్థ ఏజెన్సీని చూపుతుంది, ఏజెన్సీ బిల్లు రాలేదంటుంది.

ఈలోగా రాష్ట్ర ప్రభుత్వం 2025లో దుకాణాలు, ఫ్యాక్టరీల చట్టాలను సవరించి రోజు పనిని 10 గంటలకు పెంచింది. ఫ్యాక్టరీల్లో మూడు నెలల ఓవర్‌టైమ్ పరిమితిని 75 గంటల నుంచి 144కు చేర్చింది. రోజూ నాలుగు గంటలు అదనంగా, నెలకు 26 రోజులు చేసే గార్డుకు మూడు నెలల్లో అయ్యేది 312 గంటలు. సడలించిన గీతకు కూడా రెట్టింపు పైనే! పరిమితులు పెంచడంలో చూపిన చొరవను ఉన్నవాటిని అమలు చేయడంలో చూపాలి.

విశాఖ దగ్గరే ఉన్న దారి

పోర్టులో ఒకప్పుడు డాక్ లేబర్ బోర్డు ఉండేది. 1948 డాక్ కార్మికుల చట్టం కింద కార్మికులను రిజిస్టర్ చేసి, వంతులవారీగా పని పంచి, కూలికి పూచీ పడే ఏర్పాటు అది. మహారాష్ట్ర అదే బాటలో 1981లో ప్రైవేటు సెక్యూరిటీ గార్డుల కోసం ప్రత్యేక చట్టం చేసింది. అక్కడ బోర్డులో నమోదైన గార్డుకు సంస్థ కట్టిన డబ్బు బోర్డు ద్వారానే అందుతుంది. ఆంధ్రప్రదేశ్‌కూ అలాంటి చట్టం కావాలి. దాని మొదటి బోర్డు విశాఖలో ఏర్పాటు కావాలి.

అందాకా చేయగలిగినవి ఉన్నాయి. ప్రభుత్వ సంస్థలు, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు, నగరపాలక సంస్థ తమ టెండర్లలో గేటుకు ముగ్గురు అని రాయాలి. కనీస వేతనానికి దిగువన పడే కోట్‌ను తెరవగానే తిరస్కరించాలి. మస్టర్‌లో వచ్చిన, వెళ్లిన వేళలు నమోదు కావాలి. 2005 ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం వేతన చట్టాలు ఉల్లంఘిస్తే లైసెన్సు రద్దు చేయొచ్చు. ఆ అధికారాన్ని వాడాలి.

ఇక అపార్ట్‌మెంట్ల సంఘాలు. పై లెక్కలోనే 40 ఫ్లాట్లున్న చోట మూడో మనిషికి ఫ్లాటుకు నెలకు 360 రూపాయలు, పీఎఫ్, ఈఎస్‌ఐ కలిపినా 420 లోపే. అది భరించలేని ఇల్లు ఆ గేటు లోపల ఉండదు. వచ్చే మెయింటెనెన్స్ మీటింగులో ఈ ఒక్క అంశం పెట్టి, మూడో మనిషిని తీసుకుందామని తీర్మానం చేయండి. దానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వు కోసమూ ఆగనక్కర్లేదు.