కణములలో రాహువు



ముసలితనమును మాన్పు మాత్రలు వచ్చినవనియు, అవి కణముల మూలమునకే పోయి ఆయువును పొడిగించుననియు ప్రకటనలు కనబడుచున్నవి. వానిని వాడవచ్చునా యని మన పాఠకురాలొకరు అడిగియున్నారు. ముడుతలు పడుచున్న చేతులను చూచుకొనునపుడు ఇట్టి యాశ పుట్టుట సహజమే. ఐనను, కణమునకు ముసలితనము లేకుండ జేసినచో నేమగునో తెలిసికొనిన పిమ్మటగాని యీ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు వీలులేదు.

మన శరీరము లెక్కకందని సూక్ష్మకణములచే నిర్మింపబడినది. ఇంచుమించు ప్రతి కణమునందును క్రోమోసోములను సన్నని దారములవంటివి 46 ఉండును. తలిదండ్రులనుండి మనకు సంక్రమించిన లక్షణములన్నియు వీనియందే వ్రాయబడియుండును. నేతచీర చెంగున పోగులు జారిపోకుండ మనము కుచ్చులు ముడివేయుదుము గదా! అట్లే యీ దారముల రెండు కొసలను ప్రకృతి భద్రముచేసియున్నది. ఆ కొసలకే టెలోమియరులని పేరు. 1938లో హెర్మన్ ముల్లర్ అను శాస్త్రజ్ఞుడు ఈ పేరు పెట్టెను. ఆ కాలముననే బార్బరా మెక్లింటాక్ అను విదుషీమణి మొక్కజొన్న కణములను పరీక్షించి, కొసలు తెగిన క్రోమోసోములు ఒకదానితో నొకటి అతుకుకొని, కణము విభజింపబడునపుడు మరల తెగి, నానాటికి పాడగుచున్నవని కనుగొనెను. కొసలు చెడినచో చీర యంతయు చెడునన్నమాట.

ఒక కణము రెండగుటకు ముందు తనలోని దారముల కన్నిటికిని నకలు వ్రాసికొనవలెను. ఇందొక చిక్కు కలదు. పీటపై కూర్చుండి నేల నలుకు నిల్లాలు, పీట కదల్పనిచో దానిక్రింది చోటును అలుకజాలదు. అట్లే నకలు వ్రాయు పరికరము దారముయొక్క చిట్టచివరి తునకను వ్రాయలేక విడిచిపెట్టును. 1971లో రష్యాదేశస్థుడగు అలెక్సీ ఒలోవ్నికోవ్ ఈ సంగతిని మొట్టమొదట ఊహించి చెప్పెను. ఇట్లు విభజన జరిగినప్పుడెల్ల కొస కొంచెము కొంచెముగా తరుగుచుండును. మిక్కిలి పొట్టియైనపుడు కణము ఇక విభజింపక ఆగిపోవును. అదియే కణమునకు వార్ధక్యము. అంతకు ముందే, 1961లో, ఫిలడెల్ఫియా నగరమున లెనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ అనువారు గాజుపాత్రలలో మానవకణములను పెంచి, అవి సుమారు 50 మారులు విభజింపబడిన వెనుక ఆగిపోవుచున్నవని చూపియుండిరి. అందులకు కారణ మీ కొసల తరుగుదలయని పిదప తేలినది.

అట్లయినచో తల్లినుండి బిడ్డకు, బిడ్డనుండి మనుమరాలికి వచ్చుసరికి కొసలన్నియు తరిగి వంశమే యంతరింపవలదా? ఈ చిక్కును విప్పినవారిలో ముఖ్యులు ఇద్దరు స్త్రీలగుట మనకు గర్వకారణము. ఆస్ట్రేలియా ఖండమునకు చేరిన టాస్మేనియా ద్వీపమున జన్మించిన ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ మంచినీటి చెరువులలో నుండు టెట్రాహైమీనా యను అతి చిన్న జీవిని పరీక్షించి, దాని క్రోమోసోముల కొసలయందు ఆరక్షరముల మాట యొకటే మరల మరల వచ్చుచున్నదని 1978లో ప్రకటించెను. తరువాత కాలిఫోర్నియాలో ఆమె శిష్యురాలు కెరోల్ గ్రైడర్, 1984 క్రిస్మసు పండుగనాడు సయితము ప్రయోగశాలకు పోయి, తరిగిన కొసలను మరల అల్లు పదార్థముయొక్క జాడను కనిపెట్టెను. దానికే టెలోమరేజు అని పేరు. ఈ ఇరువురకును జాక్ షోస్టాక్ అను శాస్త్రజ్ఞునకును కలిపి 2009లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది. ఒకే యేట ఇద్దరు స్త్రీలకు ఆ బహుమానము వచ్చుట అదియే ప్రథమము. ఆ వార్త టెలిఫోనులో వచ్చిన వేళకు గ్రైడర్ ఇంట బట్టల పనిలో నుండెనట!

ఈ టెలోమరేజు సంతానబీజములయందును, గర్భస్థ శిశువునందును చురుకుగ పనిచేయును. పెరిగిన వారి శరీరములో మాత్రము హెచ్చుభాగపు కణములయందు ప్రకృతి దానిని నిద్రపుచ్చియుంచినది. చేతిలోనున్న అమృతమును ప్రకృతి యేల దాచిపెట్టవలెను? ఇందే యసలు రహస్యము కలదు.

దేవతల పంక్తిలో దొంగతనముగా కూర్చుండి అమృతము త్రాగిన రాహువు కథ మనమెల్లర మెరిగినదే. మన శరీరములో నట్టి రాహువు కాన్సరుకణము. క్రోమోసోములలోని వ్రాత చెడి, అదుపుతప్పి పెరుగ మొదలిడిన కణముకూడ, కొన్ని తరములు విభజింపబడునప్పటికి కొసలు తరిగి ఆగిపోవలసినదే. అందుచేతనే యెన్నియో చెడ్డకణములు పెద్దవి కాకుండగనే నశించుచున్నవి. కాని వానిలో నేదైన నొకటి నిద్రించుచున్న టెలోమరేజును మేల్కొలిపెనా, ఇక దానికి చావులేదు. నూటికి 85 మొదలు 90 వరకు కాన్సరులయందు ఈ పదార్థము మేలుకొనియే యున్నదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

దీనికి దృష్టాంతముగ నొక తల్లి కథ చెప్పెదను. అమెరికాలోని బాల్టిమోరు ప్రాంతమున హెన్రియెట్టా లాక్స్ అను నీగ్రోజాతి వనిత యుండెను. ఐదుగురు బిడ్డల తల్లి. కడుపులో ఏదో ముడివంటిది తగులుచున్నదని తనవారితో చెప్పుకొనెను. అకాల రక్తస్రావము కనబడగా 1951 జనవరి నెలలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి పోయెను. గర్భాశయ ముఖద్వారమున కాన్సరని తేలినది. రేడియము చికిత్స చేసిరి. ఆ యేడే అక్టోబరు 4వ తేదీన, 31వ యేట, ఆమె కన్నుమూసెను. కాని ఆమె యనుమతి లేకయే వైద్యులు తీసియుంచిన కాన్సరుకణములు చావలేదు. అవి యిరువదినాలుగు గంటల కొకమారు రెట్టింపగుచు నేటికిని లోకమందలి ప్రయోగశాలలలో పెరుగుచునే యున్నవి. పోలియో టీకాను పరీక్షించుటకు అవియే తోడ్పడినవి. ఈ సంగతి రెండు దశాబ్దములవరకు ఆమె బిడ్డలకు తెలియనే తెలియదు. మానవ టెలోమరేజు మొదట కనబడినదియు 1989లో ఆ కణములయందే. కణములకు చావులేకపోయినది; తల్లి మాత్రము పసిబిడ్డలను విడిచి వెడలిపోయినది. కణముల చిరంజీవిత్వము మనిషి చిరంజీవిత్వము కాదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి కావలెనా?

కాబట్టి మాత్రలనుగూర్చి అడిగిన సోదరికి నా సమాధానమిది. టెలోమరేజును మేల్కొలిపి మనుష్యుల ఆయువును పొడిగించునని రుజువైన మందు నేటివరకు లేదు. 1998లో గాజుపాత్రలోని మంచి కణములకు దీనినిచ్చి ఆయువు పెంచిరన్నది నిజమే. గాజుపాత్ర వేరు, మన శరీరము వేరు. పుట్టుకతోనే కొసలు మిక్కిలి పొట్టివైనవారికి ఎముకలలోని మూలుగు క్షీణించి రక్తము తక్కువగుచున్నది. మిక్కిలి పొడవైన కొన్ని కుటుంబములలో కొన్ని కాన్సరులు హెచ్చుగ వచ్చుచున్నవి. ప్రకృతి కొలిచి పెట్టిన దానిని అంగడి మాత్రతో పొడిగింపబూనుట మంచిది కాదు. ముసలితనమును మనకు దెచ్చుచున్న తరుగుదలయే మనకు కాపలాగ కూడ నున్నదని మరువరాదు.

మన చేతిలో నున్న ఉపాయము వేరొకటి కలదు. హెన్రియెట్టాకు వచ్చిన వ్యాధికి మూలము పాపిలోమా యను వైరసు. ఇది కణములో చేరి టెలోమరేజును మేల్కొలుపును. మన దేశమున స్త్రీలకు వచ్చు కాన్సరులలో రొమ్ముకాన్సరు తరువాత గర్భాశయ ముఖద్వారపు కాన్సరే యెక్కువ. ఐనను దీనిని రాకముందే యాపవచ్చును. తొమ్మిది మొదలు పదునాలుగేండ్లలోపు ఆడపిల్లలకు టీకా వేయించుట మేలని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు చెప్పుచున్నారు. పూనా నగరమున తయారైన టీకాకు 2022లో మన ప్రభుత్వపు అనుమతియు లభించినది. ముప్పదియేండ్లు దాటిన స్త్రీలు, ఏ బాధయు లేకపోయినను, అప్పుడప్పుడు పరీక్ష చేయించుకొనవలెను. ముట్టుడిగిన పిమ్మటగాని, నెలనెలకు నడుమగాని, సంసారానంతరముగాని రక్తము కనబడినచో సిగ్గుపడి దాచుకొనక వెంటనే వైద్యురాలికి చూపుకొనవలెను.

ఇంటిల్లిపాది జ్వరములను, దగ్గులను చేయివేసి కనిపెట్టు మనము, మన దేహముసంగతి వచ్చునప్పటికి రేపు చూతమని తలగడక్రింద దాచిపెట్టుచున్నాము. అమృతపు మాత్రలకు వ్యయపరుపదలచిన ధనమును ఈ నెల ఒక పరీక్షకు, ఇంటనున్న ఆడపిల్ల టీకాకు వెచ్చింపుడు. తలలు నెరసిన నెరయనిండు. మన బిడ్డల బిడ్డలను ఎత్తుకొను భాగ్యము నెరసిన తలలకే గదా కలుగునది!